రంగు కలవని రవ్వ

"తలుపు దగ్గరే ఆగండి!"

ఆ కేకకి అతని కుడికాలు గడప మీద గాల్లోనే ఆగిపోయింది. రెండు చేతుల్లో రెండు సంచులు, మొహం నిండా నవ్వు. కాలు కిందికి దిగేలోపు నవ్వు దిగిపోయింది.

"సెంటు కొట్టుకున్నారా?" అడిగింది లోపలున్న తెల్లకోటు అమ్మాయి.

"కొంచెం... పై అంతస్తుకి రావడం మొదటిసారి కదా అని."

"లోపల ముప్ఫై చిట్టెలుకలున్నాయి. ఈ ఘుమఘుమకి సాయంత్రం దాకా ఒక్కటీ గిన్నె ముట్టదు. నా పరీక్ష మట్టికొట్టుకుపోతుంది. సంచులు అక్కడే పెట్టి వెళ్ళండి. రేపటినుంచి వాసన లేని సబ్బుతో స్నానం చేసి రండి."

"అంటే, ఏ సబ్బు వాడాలో ఎలుకలు చెప్తాయా మేడమ్?"

"ఈ గదిలో వాటి మాటే చెల్లుతుంది."

వరండా తుడుస్తున్న పెద్దమ్మ కర్ర ఆపి, చెంప పట్టుకుని మరీ నవ్వింది. ఆమెకి నాలుగు రోజులుగా పంటి నొప్పి. నవ్వితే సలుపు, నవ్వకుండా ఉండలేదు. ఆ లాబొరేటరీలో ఆమెని డైరెక్టర్ గారితో సహా అందరూ పెద్దమ్మా అనే పిలుస్తారు. ఆమె మాత్రం అందరికీ పేర్లు పెడుతుంది. ప్రతి గిన్నెనీ రెండుసార్లు తూచందే ఊరుకోదని ఆ అమ్మాయికి తక్కెడ అని ఎప్పుడో పేరు పెట్టేసింది. ఇప్పుడు తల గుమ్మానికి తగులుతున్న ఈ అబ్బాయిని ఎగాదిగా చూసి, "ఒరేయ్ నిచ్చెనా, పైకొచ్చిన మొదటి రోజే చివాట్లు తిన్నావు. ఇక నీకు ఇక్కడ ఢోకా లేదు, పో" అంది.

నిచ్చెన కిందటి నెలే ఉద్యోగంలో చేరాడు. కింది అంతస్తులో, ఎలుకల ఎరలు కలిపే గదిలో. అతను కలిపింది పనిచేస్తుందో లేదో తేల్చేది పైన తక్కెడ.

పరీక్ష చూడ్డానికి తేలిక. ఇళ్ళలోనూ గోదాముల్లోనూ పట్టుకొచ్చిన చిట్టెలుకలు, గూటికి ఒకటి. మొదటి ఇరవై గూళ్ళలో రెండేసి గిన్నెలు. ఒకదాంట్లో నీలం రంగు విషపు ఎర, రెండోదాంట్లో మామూలు గోధుమ రవ్వ. ఏది తినాలో ఎలుక ఇష్టం. ఆఖరి పది గూళ్ళలో రెండు గిన్నెల్లోనూ మామూలు రవ్వే. ఆ పదింటికీ ఏమీ కాకూడదు. వాటికి ఏమీ కాకపోతేనే, మిగతావి చచ్చింది విషం వల్లనే అని నమ్మకంగా చెప్పొచ్చు. విషం కూడా ఒక్కసారిగా చంపేది కాదు. రక్తం గడ్డకట్టే గుణాన్ని మెల్లగా చెరిపేస్తుంది. నాలుగైదు రోజులు పడుతుంది. అది సోమవారం మొదలైంది.

మంగళవారం తొమ్మిదింటికి గాజు కిటికీ మీద టకటకమని చప్పుడు.

"మేడమ్, నా వంట ఎలా ఉందట?"

"విషం ఎలుకకి ఒకటిన్నర గ్రాము."

"అంతేనా!"

"పక్క గిన్నెలో మామూలు రవ్వ రెండు గ్రాములు తిన్నాయి."

"అదీ నేను కలిపిందే కదా. ఏ గిన్నెలో తిన్నా పేరు నాదే."

నవ్వు కనబడకుండా ఆమె గూళ్ళవైపు తిరిగింది. బుధవారం తొమ్మిదికి పది నిమిషాలున్నప్పుడే ఆమె కళ్ళు గోడ గడియారం మీదికి పోయాయి. అలా పోయినందుకు ఆమెకి గడియారం మీద కోపం వచ్చింది.

గురువారం జోరున వాన. అతను జుట్టులోంచి నీళ్ళు కారుతూ కిటికీ అవతల నిలబడ్డాడు.

"వాసన లేని సబ్బు కోసం ఆరు షాపులు తిరిగాను."

"ఎలుకలు సంతోషిస్తాయి."

"ఎలుకలేనా?"

ఆమె తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. కానీ రిజిస్టర్‌లో మూడు పాయింటు ఒకటి అని రాయాల్సింది ముప్ఫై ఒకటి అని రాసింది. ఆమె ఆ రిజిస్టర్‌లో కొట్టివేత పెట్టడం ఆ ఏడాదిలో అదే మొదలు.

శనివారం పొద్దున్న ఇరవై మూడో గూటిలో ఎలుక కదల్లేదు.

ముందు ఆమె అంకె తప్పు చూశాననుకుంది. దగ్గరికెళ్ళి చీటీ మళ్ళీ చదివింది. ఇరవై మూడే. విషం పెట్టని గూడు. ఆ వరసలోనే ఇరవై ఆరు, ఇరవై తొమ్మిది కూడా చల్లబడి ఉన్నాయి. మూడింటినీ బల్లమీద పెట్టి కోసి చూసింది. చర్మం కింద, పొట్టలో, అంతటా గడ్డకట్టని రక్తం.

డైరెక్టర్ గారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసి, తల పంకించారు.

"బయట పట్టిన ఎలుకలమ్మా. కొన్ని బెంగతోనే చస్తాయి. మామూలు చావులని రాసెయ్యి."

"సార్, ఒళ్ళంతా రక్తం."

"సోమవారం ఈ మందు కంపెనీవాళ్ళు వస్తున్నారు. తెలివైన పిల్లవి, ఆలోచించుకో" అని ఆయన వెళ్ళిపోయారు.

ఆమె ఆలోచించలేదు. మెట్లు దిగింది. దిగుతుంటే ఒక్కో మెట్టూ బరువుగా ఉంది.

ఎరల గదిలో నిచ్చెన డ్రమ్ము కడుగుతూ ఆమెని చూసి వెలిగిపోయాడు. "మీరే దిగొచ్చారా! పొద్దున్నే ఈ వానేమిటా అనుకున్నాను."

"మామూలు రవ్వలో విషం ఉంది."

అతను చెయ్యి తుడుచుకున్నాడు. "ఉండదు."

"మూడు చచ్చాయి."

"రోజూ కుడి గిన్నె ఎడమకి, ఎడమది కుడికి మారుస్తారు కదా. ఎక్కడో చెయ్యి పొరబడి ఉంటుంది."

"నా చెయ్యా?"

"మనిషన్నాక పొరబడకుండా ఉంటారా?"

"నేను పొరబడితే ఒప్పుకుంటాను. మీరు ఒప్పుకుంటారా?"

అతని మొహం ఎర్రబడింది. "అంటే తప్పు నాదేనని తేల్చుకునే వచ్చారన్నమాట. రోజూ కిటికీ దగ్గర నవ్వింది కూడా, నా తప్పు ఎక్కడ దొరుకుతుందా అని చూడ్డానికేనా?"

ఆ మాట చురుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగే సమయం కాదది. "పైకి రండి" అని మాత్రం అంది.

ఐదో గూటి కింది ట్రే లాగి చూపించింది. ట్రే నిండా నీలం పెంటికలు. "ఇది విషపు ఎర తిన్న ఎలుక. రంగు ఇలా బయటపడుతుంది." తర్వాత ఇరవై మూడో ట్రే లాగింది. మామూలు గోధుమరంగు పెంటికలు. ఒక్కటంటే ఒక్కటి కూడా నీలం లేదు.

"నేను గిన్నె మార్చి పెట్టి ఉంటే ఇవీ నీలంగా ఉండేవి. ఇది విషం తింది, రంగు తినలేదు. రంగు లేని విషం నా గదిలో లేదు. ఎక్కడుంటుంది?"

అతను వంగి ట్రేని దగ్గరగా చూశాడు.

"రంగు ఆఖర్న కలుపుతాం" అన్నాడు చివరికి. "విషం ముందు నూనెలో కలుపుతాం. దానికో జగ్గు, మామూలు నూనెకో జగ్గు. ఆ రోజు మామూలు జగ్గు పిడి విరిగింది. విషం జగ్గునే గుడ్డతో తుడిచి వాడాను. బాగానే తుడిచాననుకున్నాను."

"ఎవరికైనా చెప్పారా?"

"చిన్న సంగతే కదా అని..."

వాక్యం మధ్యలో ఆగిపోయాడు. ఈసారి అతని మొహంలో రంగు లేకుండా పోయింది.

"మూడు కిలోలు మిగిలింది."

"ఏది?"

"మామూలు రవ్వ. నూనె, చక్కెర తప్ప ఏమీ లేదు కదా, పారెయ్యడమెందుకని పెద్దమ్మకిచ్చాను. పంటి నొప్పి, జావ తప్ప మింగలేకపోతున్నానంది. సోమవారం ఇచ్చాను."

ఐదు రోజులు. పూటపూటా జావ. గురువారం నుంచి పెద్దమ్మ సెలవులో ఉంది. సెలవు చీటీ రాసిపెట్టింది తక్కెడే. అందులో రాసిన కారణం ఇప్పుడు కళ్ళముందు కదిలింది.

"ఇవాళ ఆవిడ పన్ను పీకించుకుంటోంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రక్తం గడ్డకట్టని మనిషికి పన్ను పీకితే ఏమవుతుందో ఆ గదిలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఫోన్ మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. అతను కిందికి పరిగెత్తి, విషం డబ్బా మీది కాగితం చించి జేబులో పెట్టుకుని, స్కూటర్ తీశాడు. ఆమె తెల్లకోటు విప్పకుండానే వెనక ఎక్కింది.

వానలో దారి సగమే కనిపిస్తోంది. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు అతని భుజాలు వణుకుతున్నాయి. అది చలి కాదని ఆమెకి తెలుసు. కోపం ఇంకా పోలేదు. అయినా తన చెయ్యి అతని భుజం మీద పెట్టింది. "ముందు రోడ్డు చూడండి. మిగతావన్నీ తర్వాత" అంది.

సందు చివర రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది పెద్దమ్మ భర్త. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"తాతగారూ, పెద్దమ్మ ఏ డాక్టరు దగ్గరికెళ్ళింది?"

"పళ్ళ డాక్టరు."

"పేరు?"

"నేను బస్సు నడిపినవాణ్ణమ్మా. నాకు స్టాపులు తెలుసు, పేర్లు తెలీవు. గడియారాల షాపు స్టాపులో దిగి, నాలుగడుగులు వెనక్కి నడిస్తే మేడమెట్లు. పదకొండింటికి రమ్మన్నారు. ఫోను కూడా మర్చిపోయి పోయింది. ఏమైంది?"

గోడ మీద పదకొండూ ఐదు.

"ఆ జావ మీరూ తాగారా?"

"జావా? నాకేం రోగం?"

"ఆ రవ్వ ముట్టకండి. తర్వాత అన్నీ చెప్తాం" అని రవ్వ డబ్బా చంకన పెట్టుకుని ఆమె అప్పటికే సందులో ఉంది.

మేడమెట్లు అతను మూడేసి చొప్పున ఎక్కాడు. పైన బల్ల దగ్గర కూర్చున్న నర్సు "టోకెన్ నంబరు?" అంటుండగానే ఇద్దరూ లోపలి తలుపు తోసేశారు.

పెద్దమ్మ కుర్చీలో వెనక్కి వాలి ఉంది. నోరు తెరిచి ఉంది. డాక్టరమ్మ చేతిలో పట్టకారు.

"ఆపండి!"

ఆ కేకకి డాక్టరమ్మ చెయ్యి నోటికి జానెడు దూరంలో ఆగింది. "ఎవరు మీరు? బయటికి నడవండి!"

"పీకకండి. ఈవిడ ఒంట్లో ఎలుకల మందుంది. రక్తం గడ్డకట్టదు. ఐదు రోజులుగా తింటోంది, ఆవిడకి తెలీదు." అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది తక్కెడ.

డాక్టరమ్మ నెమ్మదిగా పట్టకారు పక్కన పెట్టి, పెద్దమ్మ చిగురు దగ్గర నొక్కిపెట్టిన దూది తీసి చూసింది. ఎర్రగా తడిసిపోయింది.

"మత్తు సూది పొడిచి పది నిమిషాలైంది. ఇంకా ఊరుతూనే ఉంది. ఇదేమిటా అని నేనూ చూస్తున్నాను" అంది. "ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నేను ఫోన్ చేస్తాను. నడిపించకండి."

సగం మొహం మొద్దుబారిన పెద్దమ్మ వంకర మూతితో "ఏంత్రా నిత్తెనా, ఏంతైంది?" అంటోంది. అతను ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాడు. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తక్కెడ దూది నొక్కిపట్టింది. వెనక స్కూటర్ మీద అతను.

ఆస్పత్రిలో రక్తం తీసుకున్నారు. మామూలుగా పన్నెండు సెకన్లలో గడ్డకట్టడం మొదలవ్వాల్సిన రక్తం, నలభై దాటినా నీళ్ళలాగే ఉందన్నారు. జేబులోంచి తీసిన కాగితం చూసి డాక్టరు తలెత్తాడు. "ఇది తెచ్చి మంచి పని చేశారు. దీనికి విరుగుడు ఉంది. పన్ను పీకించుకుని ఇంటికెళ్ళి పడుకుని ఉంటే మాత్రం..." అని ఆగి, "ఎవరిచ్చారీ రవ్వ?" అని అడిగాడు.

తక్కెడ నోరు తెరిచేలోపు అతను ముందుకొచ్చాడు. "నేను."

విరుగుడు ఇంజక్షన్ ఎక్కించారు. తాతగారిని కూడా రప్పించి రక్తం చూసి ఏమీ లేదన్నారు. రేపు పొద్దున్న దాకా ఏమీ చెప్పలేమన్నారు. పెద్దమ్మకి మత్తు దిగి నాలుక తిరిగింది. అప్పుడు అతను మంచం పక్కన నిలబడి, జగ్గు సంగతి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. ఏదీ తగ్గించలేదు.

పెద్దమ్మ విన్నది.

"ఎలుకలకి పెట్టేది నాకు పెట్టావా?"

"తెలీక, పెద్దమ్మా."

"నేను పోతే ఈ ముసలాయన స్టవ్వు వెలిగించుకోవడం కూడా రాదు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారేసరికి రక్తం దారికొచ్చింది. కొన్ని వారాలు మాత్రలు వాడాలి, నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండాలి, ప్రాణానికి భయం లేదు అన్నారు. అది విని వరండా బెంచీ మీద అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. లేచి వెళ్ళనూ లేదు.

సోమవారం డైరెక్టర్ గారి గదిలో తక్కెడ రాసిన రిపోర్టు కన్నా ముందే బల్లమీద మరో కాగితం ఉంది. జగ్గు పిడి విరగడం మొదలు మూడు కిలోల రవ్వ దాకా, కింద నిచ్చెన సంతకం.

"ఉద్యోగం పోతుందని తెలుసా?" అన్నారు డైరెక్టర్ గారు.

"తెలుసు సార్. ఆ చావులు మామూలువని మాత్రం రాయొద్దు."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. శనివారం తను చెప్పిన మాట ఆయనకీ గుర్తుకొచ్చినట్టుంది. కంపెనీవాళ్ళు విసుక్కున్నారు, గొణుక్కున్నారు, చివరికి పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చెయ్యడానికి ఒప్పుకున్నారు. డైరెక్టర్ గారు నిచ్చెనని ఆరు నెలలు ఎరల గదిలోకి అడుగు పెట్టొద్దన్నారు. ఆ ఆరు నెలలూ గూళ్ళు, ట్రేలు కడగాలి. కొలత సామాను ఏది విరిగినా పని ఆపి రాసిపెట్టాలని కొత్త నిబంధన వచ్చింది. ఆ కాగితం అతని చేతనే రాయించి గోడకి అంటించారు.

ఆస్పత్రిలో పెద్దమ్మ మాత్రం అతనితో మాట్లాడలేదు. అతను పొద్దున్నా సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఆమె గోడవైపు తిరిగేది. తాతగారు మధ్యలో కూర్చుని ఇద్దరినీ చూస్తూ, ఏ స్టాపులోనూ దిగని ప్రయాణికుల్ని చూసినట్టు నిట్టూర్చేవాడు.

నాలుగో రోజు పొద్దున్న తక్కెడ పళ్ళు కోసి పెడుతుండగా వాన అందుకుంది. పై కిటికీలోంచి జల్లు మంచం మీదికి కొట్టింది.

"నిచ్చెనా" అంది పెద్దమ్మ గోడవైపే చూస్తూ. "అంతెత్తు పెరిగి ఏం లాభం? ఆ రెక్క వెయ్యి. తడిసిపోతున్నాను."

అతను ఒక్క ఉదుటున లేచాడు. కిటికీ రెక్క వేసి, గడియ పెట్టి, పెట్టిన గడియ మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు. పెద్దమ్మ తక్కెడకి కళ్ళతో సైగ చేసింది. "ఏడవనీ. తర్వాత బయటికి తీసుకెళ్ళు. నాలుగు రోజులుగా వీడు అన్నం తిన్న మొహం కాదు."

ఆస్పత్రి మెట్ల మీద ఇద్దరూ నిలబడ్డారు. చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"ఆ రోజు మీ చెయ్యి పొరబడిందన్నాను" అన్నాడతను. "కిటికీ దగ్గర నవ్వు గురించి కూడా ఒక మాటన్నాను. రెండూ వెనక్కి తీసుకుంటున్నాను. మీరు క్షమించకపోయినా సరే."

"జగ్గు మీద కోపం ఇంకా ఉంది" అంది ఆమె. "చెప్పకుండా దాచినందుకు ఎక్కువ ఉంది."

"ఉండాలి."

"కానీ ఒక సంగతి మీకు తెలీదు. ఆ రోజు మెట్లు దిగుతున్నంతసేపూ, తప్పు నాదే అయితే బాగుండుననుకున్నాను."

అతను అర్థంకానట్టు చూశాడు. "మీదా? ఎందుకు?"

"మీ పేరు రాయాల్సి వస్తుందని."

అతను ఏదో చెప్పబోయి ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"మా అమ్మకి మీ గురించి చెప్పాను."

"ఏమని?"

"నా తప్పు పట్టుకున్న అమ్మాయి అని."

"ఆవిడేమన్నారు?"

"ఏం వండుతున్నాడో తెలీకుండా వండినవాడికి, ఏం తిన్నారో తూచి చూసే మనిషి కావాలట. ఆ అమ్మాయి ఒప్పుకుంటే వచ్చి వాళ్ళింట్లో మాట్లాడతానంది." అతను గొంతు సవరించుకున్నాడు. "నాకూ అదే కావాలి. ఒప్పుకోవాలని లేదు. ఇప్పుడే చెప్పాలని కూడా లేదు. నా చేతిలో ప్రస్తుతానికి ట్రేలు కడిగే ఉద్యోగం తప్ప ఏమీ లేదు. మీకు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు..."

అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె వినడం మానేసి, అతని మొహం చూస్తోంది. నాలుగు రోజుల్లో చెంపలు లోపలికి పోయాయి. ఎవరూ అడగకముందే "నేను" అని ముందుకొచ్చిన మొహం అది. రెండోసారి తూచాల్సిన పని ఆమెకి కనిపించలేదు.

కొంగు తలమీదికి లాక్కుని మెట్లు దిగి, వానలో తడుస్తున్న స్కూటర్ పక్కన నిలబడింది.

"ముందు ఎక్కడికైనా వెళ్ళి తిందాం" అంది. "స్కూటర్ తీస్తావా, నన్ను నడవమంటావా?"

అతను జేబులో తాళంచెవి వెతుక్కుంటూ రెండు మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద ఆగిపోయాడు.

"ఇప్పుడు... మీరు నన్ను నువ్వన్నారా?"

"తడిసిపోతున్నాను" అంది తక్కెడ, ఈసారి నవ్వు దాచుకోకుండా. "త్వరగా రా."